మతం గడిలో ఏం రాయాలి?

(కొండవీడులో ఇచ్చిన గుర్రం జాషువా స్మారకోపన్యాసం పాఠం)

పెద్దలకు నమస్కారం. మా పల్లె నుంచి వచ్చిన అక్కలకూ అన్నలకూ వందనాలు. రెండు మాటలూ వేరువేరుగా ఎందుకు చెప్పానో ఇక్కడున్న అందరికీ తెలుసు. ఈ కొండ కింద పుట్టినవాడికి నోరు అలాగే తిరుగుతుంది.

జాషువాగారి పేరు మీద మాట్లాడమంటే ‘గబ్బిలం’ మీద నాలుగు మాటలు చెబుతాననే నిర్వాహకులు అనుకొని ఉంటారు. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్ళు ఈ జిల్లాలోనే చాలామంది ఉన్నారు. నేను ముప్ఫై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పాను. అందులో పదకొండేళ్ళు జూన్ వచ్చిందంటే అడ్మిషన్ల బల్ల దగ్గరే కూర్చున్నాను. నాకు బాగా తెలిసింది ఆ బల్లే. కాబట్టి అక్కణ్ణుంచే మాట్లాడతాను.

ఒక ఏడు ఒక కుర్రాడు దరఖాస్తు అంతా నింపి, ఒక్క గడి దగ్గర పెన్ను ఆపాడు. వెనక వరస పెరుగుతోంది. ‘ఏమిట్రా?’ అన్నాను. వాడు వంగి, పక్కవాళ్ళకు వినపడకుండా, ‘సార్, మతం దగ్గర ఏం రాయమంటారు?’ అన్నాడు.

నేను వాడి మొహంలోకి చూడలేదు. ‘నీ టీసీలో ఏముందో అదే రాయి’ అన్నాను. వాడు రాశాడు, వెళ్ళాడు. వాడితో పాటు వాళ్ళమ్మ కూడా వచ్చింది. ఆమె సంగతి తర్వాత చెబుతాను.

ఈ గడి ఎందుకంత బరువో తెలియనివాళ్ళు సభలో ఉండవచ్చు. 1950లో రాష్ట్రపతి పేరు మీద వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా ఒకటుంది. హిందూ మతంలో లేనివాణ్ణి షెడ్యూల్డ్ కులస్తుడుగా ఎంచకూడదని దాని సారం. 1956లో అందులో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడు బయటే ఉండిపోయాడు. మన రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళనూ వాళ్ళ పిల్లల్నీ బీసీ-సి అంటారు, దానికి రిజర్వేషను ఒక్క శాతం. షెడ్యూల్డ్ కులాలకు పదిహేను. 1977లో రాష్ట్ర ప్రభుత్వం స్కాలర్‌షిప్పు లాంటి కొన్ని సాయాలు వీళ్ళకూ ఇస్తామంది గానీ, సీటూ ఉద్యోగమూ ఆ లెక్కలోకి రావు. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవుల్ని షెడ్యూల్డ్ కులాల్లో చేర్చమని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం కూడా చేసింది.

అంటే పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు కాలేజీ గడప తొక్కగానే, ఇంకా ఒక్క పాఠం వినకముందే, విశ్వాసం గురించిన ప్రశ్న మీద పడుతుంది. బైబిలు పట్టుకొని కాదు, గుమస్తా పెన్ను పట్టుకొని అడుగుతాడు.

మన యూత్ మీటింగుల్లో కాలేజీ పిల్లలకు ఏం చెబుతారో నాకు తెలుసు, నేనూ చెప్పాను కాబట్టి. సినిమాలకు తిరగొద్దు, సిగరెట్టు ముట్టొద్దు, ఆదివారం ఆరాధన మానొద్దు, స్నేహితులకు సాక్ష్యం చెప్పు. మంచి మాటలే. కానీ అవన్నీ ఎక్కడో కడుపు నిండిన ఊళ్ళో పిల్లల కోసం రాసుకున్న జాబితాలా ఉంటాయి. మన పిల్లలకు విశ్వాసం పరీక్షకు వచ్చేది వేరే చోట్ల. కాగితం మీద ఏ పేరు పెట్టావు, పక్కన ఎవరిని కూర్చోబెట్టుకున్నావు. నేను ఇవాళ చెప్పదలచింది ఇంతే. మిగతాదంతా దానికి దాఖలా.

ఇది కొత్త సంగతేమీ కాదు. తెలుగునాట ఇంగ్లీషు చదువు తొలినాళ్ళలోనే ఈ పేచీ మొదలైంది. రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1843లో మచిలీపట్నంలో బడి పెట్టాడు. ఈనాటి నోబుల్ కాలేజీకి అదే మూలం. ఆయన వల వేసింది పెద్ద కులాల పిల్లల మీద. తొమ్మిదేళ్ళు గడిచినా ఒక్కరూ కదల్లేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు, బ్రాహ్మణుడు మంచాల రత్నం, వెలమ ఐనాల భూషణం, ఇల్లు వదిలి నోబుల్ బంగళాకు వచ్చి బాప్తిస్మం ఇవ్వమన్నారు. ఊరు ఊరంతా బంగళా చుట్టూ మూగింది. బడి దాదాపు ఖాళీ అయిపోయింది.

ఆ పిల్లలిద్దరి గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. మనం సాక్ష్యం అంటే మైకు ముందు రెండు నిమిషాలు నిలబడటం అనుకుంటాం. వాళ్ళకు సాక్ష్యం అంటే తల్లి ఏడుపు కిటికీలోంచి వినిపిస్తుంటే బయటికి రాకపోవడం. ఆ రోజు తర్వాత ఇంటి గడప లేదు, పెళ్ళి సంబంధం లేదు, కర్మకాండలో చోటు లేదు. వాళ్ళు నిలబడ్డారు. 1864లో ఇద్దరూ గురువులుగా అభిషేకం పొందారు.

ఇక్కడితో ఆపితే ఇది చక్కని ప్రసంగం అవుతుంది. ఆపకూడదు. అదే నోబుల్ తన బడిలోకి మాల మాదిగ పిల్లల్ని రానివ్వలేదు. పెద్ద కులాలవాళ్ళు పోతారని భయం. ఆయన చెడ్డవాడని నేననను; ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఊళ్ళోనే ఉండి, అక్కడే ప్రాణం విడిచినవాడు. కానీ క్రీస్తు పేరు మీద కట్టిన తెలుగు బడి మొదటి గోడ ఎక్కడ లేచిందో తెలుసుకోవాలి కదా. రత్నం, భూషణం కులం విడిచి బయటికి వచ్చిన బడికి కులమే కాపలా.

ఇంకో వైపు చూడండి. మనకు దక్షిణాన ఒంగోలు. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడికి 1866లో వచ్చాడు. ఆయన పెట్టిన బడికీ బ్రాహ్మల పిల్లలు వచ్చారు. ఇంతలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి చెప్పగా మాదిగలు సంఘంలో చేరడం మొదలుపెట్టారు. వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లల్ని మాన్పిస్తామన్నారు పెద్ద కులాలవాళ్ళు. ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో బైబిలు తెరిచారట. ఇద్దరికీ వచ్చింది కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం చివరి వచనాలే. లోకంలో నీచుల్నీ తృణీకరింపబడినవాళ్ళనీ దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటు. కథను మిషను వాళ్ళు కాస్త మెరుగుపెట్టి చెప్పి ఉండవచ్చు, నాకు అభ్యంతరం లేదు. జరిగింది మాత్రం జరిగింది. బడి పోయింది, పల్లె వచ్చింది. అప్పట్లో వచ్చిన పెద్ద కరువు ముగిసిన 1878లో, జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఆ అల మన వైపూ వచ్చింది. నరసరావుపేటలో, వినుకొండలో బాప్టిస్టు మిషను 1883లో స్థిరపడింది. అంతకు చాలా ముందే 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు చేరాడు. 1849లో గురజాల వెళ్ళి పల్నాటి ఎండలో కాపురం పెట్టాడు. ఇంకా వెనక్కి వెళితే, ఈ కొండకు ఆవలి పక్కన ఫిరంగిపురం ఉండనే ఉంది. అక్కడి రెడ్ల ఇళ్ళల్లో కతోలిక విశ్వాసం తరతరాలది. ఒకప్పుడు రెడ్డిరాజులు ఏలిన కొండ చుట్టూ రెడ్లలో మరియమ్మ పేరు పెట్టుకున్నవాళ్ళున్నారంటే పొరుగు జిల్లావాళ్ళు ఇప్పటికీ నమ్మరు.

గుంటూరులో 1885లో లూథరన్లు పెట్టిన కాలేజీ తర్వాత ఆంధ్ర క్రైస్తవ కళాశాల అయింది. మనందరం ఏసీ కాలేజీ అంటాం. అక్కడ విశ్వనాథ సత్యనారాయణ తెలుగు చెప్పాడు, కరుణశ్రీ చెప్పాడు, ఎన్టీ రామారావు చదివాడు. క్రైస్తవ కాలేజీలో ఇంత మంది క్రైస్తవేతరులు వెలిగారే అని నొచ్చుకునేవాళ్ళను చూశాను. నాకైతే ఆ కాలేజీ చేసిన మంచి పనుల్లో అదొకటి.

జాషువాగారు విద్యార్థిగా అలాంటి కాలేజీ బెంచీ మీద కూర్చున్నవారు కాదు. గుంటూరు లూథరన్ ట్రైనింగు స్కూల్లో పంతులుగా పదేళ్ళు పనిచేశారు. 1895లో వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్యగారు యాదవులు, తల్లి లింగమ్మగారు మాదిగ. ఇద్దరూ క్రైస్తవులు. వినుకొండ అవధాన సభలో పద్యం చదివితే, తక్కువ కులంవాణ్ణి ఎందుకు రానిచ్చారని అడిగారు కొందరు. సరే, వాళ్ళ సంగతి మనకు తెలిసిందే. కానీ సంస్కృత కావ్యాలు చదువుతున్నాడనీ హిందూ కథలు రాస్తున్నాడనీ మన సంఘంవాళ్ళు ఆయన్ను వెలివేశారు. ఆ మాట మనం గట్టిగా చెప్పుకోం. సభలోవాళ్ళు కులం చూసి పొమ్మన్నారు, గుడిలోవాళ్ళు పుస్తకం చూసి పొమ్మన్నారు. ఆ మనిషే 1958లో ‘క్రీస్తు చరిత్ర’ అచ్చు వేశాడు. దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వెలివేసినవాళ్ళు అప్పుడు సన్మానాలు చేశారా అంటే, చేసే ఉంటారు. మనవాళ్ళకు శాలువాలు కప్పడం ఎప్పుడూ ఆలస్యం కాదు.

ఇవాళ కాలేజీలో తెలుగు సాహిత్యం చదివే క్రైస్తవ పిల్లలకు ఈ చిక్కు ఇంకా పోలేదు. మనుచరిత్ర చెబుతుంటే తల దించుకొని కూర్చున్న అమ్మాయి ఒకసారి నన్ను అడిగింది, ఈ పద్యాల్లో దేవుళ్ళున్నారు, కంఠతా పట్టవచ్చా అని. నేనన్నాను: ‘వినుకొండలో ఒకాయన పట్టాడు, చూడు ఏమైందో’. ఆ అమ్మాయి భయపడింది. నా ఉద్దేశం అది కాదు. తర్వాత కూర్చోబెట్టి జాషువాను చదివించాను.

ఇప్పుడు నా సంగతి. ఇది చెప్పకపోతే పై కబుర్లన్నీ దండగ.

మా నాన్న మిరప చేలల్లో కూలి, పొగాకు బేరన్లలో కూలి. నన్ను బళ్ళో వేసిన రోజు హెడ్మాస్టరుగారు మమ్మల్ని అడక్కుండానే ‘హిందూ’ అని రాసేశారు. ఆయన మంచికే రాశారు. మా ఇంటి గోడ మీద గొర్రెపిల్లను ఎత్తుకున్న యేసు పటం. ఇంట్లో నన్ను పిలిచే పేరు ఒకటి, రిజిస్టరులో పేరు ఒకటి. మా వయసువాళ్ళలో సగం మందికి ఇంతే. నరసరావుపేటలో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా సాగరు కాలువలో బాప్తిస్మం తీసుకున్నాను. నీళ్ళలోంచి లేచి తల తుడుచుకుంటుంటే, గట్టు మీద మా నాన్న పాస్టరయ్యగారి పక్కకు చేరి అన్న మాట నా చెవిన పడింది: ‘సంఘం పుస్తకంలో ఎక్కించమాకండయ్యగారూ, పిల్లోడికి ఉద్యోగం వచ్చిందాకా.’

అయ్యగారు ఎక్కించలేదు. పరలోకంలో జీవగ్రంథంలో పేరుంది, కొండవీడు పక్క సంఘం గ్రంథంలో లేదు. నవ్వండి, ఫరవాలేదు. నేనూ చాలా ఏళ్ళు నవ్వాను. ఆ టీసీ మీదే నాకు స్కాలర్‌షిప్పు, ఆ టీసీ మీదే ఉద్యోగం. ఇవాళ ఈ మాట మైకులో చెబుతున్నానంటే పింఛను వస్తోంది కాబట్టి ధైర్యం వచ్చిందనుకోండి.

అది అబద్ధమా? అబద్ధమే. అయితే ఇంకో మాట కూడా అడగాలి. బాప్తిస్మం తీసుకున్న మర్నాడు మా ఇల్లు పల్లెలోంచి ఊళ్ళోకి జరిగిందా? హోటల్లో మా గ్లాసు మారిందా? మతం మారితే కులం పోతుందని 1950లో ఢిల్లీలో రాసుకున్నవాళ్ళు ఈ కొండ కిందికి ఒక్క రోజు వచ్చి ఉంటే ఆ పేరా అలా రాసేవాళ్ళు కాదు. పిల్లవాడు చెప్పేది ఒక అబద్ధం, చట్టం చెప్పేది ఇంకో అబద్ధం. వాడి అబద్ధానికి శిక్ష ఉంది.

కానీ కాగితం ఒక్కటే అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు. రెండోది ఉంది, పక్కన కూర్చోబెట్టుకోవడం. అందులో తప్పు చట్టానిది కాదు.

కాలేజీలో మాదొక ప్రార్థన గుంపు. అప్పట్లో కాలేజీల్లో రెండు రకాలు కనిపించేవి. 1912 నుంచి ఉన్న స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ వాళ్ళు కూలి రేట్లు, భూములు, కులం గురించి మాట్లాడేవాళ్ళు. 1954లో మొదలైన యూఈఎస్ఐ వాళ్ళు, మనం ఈయూ అంటామే, వాళ్ళు బైబిలు వాక్యం పట్టుకొని కూర్చునేవాళ్ళు. మేం ఈయూ తరహా. శనివారం సాయంత్రాలు ఒక గదిలో ఏడుగురం. నలుగురం మాలలం, ఇద్దరు మాదిగలు, ఫిరంగిపురం వైపు నుంచి ఒక రెడ్ల అబ్బాయి. చేతులు పట్టుకొని ప్రార్థన చేసేవాళ్ళం. ఒకడు కన్నీళ్ళు పెట్టుకుంటే అందరం పెట్టుకునేవాళ్ళం. గది ఆ మాదిగల్లో ఒక అబ్బాయిది.

వేసవి. నరసరావుపేట ఎండ మీకు చెప్పనక్కర్లేదు. గది మూలన ఇసక మీద కొత్త కుండ, మీద మూకుడు, పక్కన సత్తు గ్లాసు. ప్రార్థన అయ్యాక ఆ అబ్బాయి గ్లాసు ముంచి నాకు ఇచ్చాడు. గ్లాసుకు బయట నీళ్ళు కారుతున్నాయి. నా నాలుక పిడచ కట్టుకుపోయి ఉంది. ‘దాహం లేదు’ అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలియదని చెప్పను. తెలుసు. మా అమ్మ నేర్పింది, వాళ్ళమ్మ ఆమెకు నేర్పింది. ఊళ్ళోవాళ్ళు మాకు చేసింది మేం ఇంకొకళ్ళకు చేశాం. ఆ అబ్బాయి ఒక్క క్షణం గ్లాసు అలాగే పట్టుకున్నాడు. తర్వాత తనే తాగాడు. రెడ్ల అబ్బాయి లేచి, ఆ గ్లాసే తీసుకొని, ముంచుకొని తాగాడు. వాడేదో గొప్ప పని చేద్దామని చేయలేదు, నిజంగా దాహమేసింది. పై శనివారం మేం వెళ్ళేసరికి మూలన ఇసక ఉంది, కుండ లేదు.

నాకు గ్లాసు ఇచ్చిన ఆ అబ్బాయే పరీక్షల్లో ఇంకోటి చేశాడు. కిటికీ అవతల నుంచి చీటీలు వచ్చిపడే రోజులవి. అలాంటి హాల్లో చీటీ పుచ్చుకోనివాణ్ణి పిచ్చివాడనేవాళ్ళు. కాళ్ళ దగ్గర పడిన చీటీని వాడు చెప్పుతో పక్కకు తోశాడు. స్టాటిస్టిక్స్ పోయింది. ‘ఏరా, యేసయ్య పాస్ చేయించలేదా?’ అని హాస్టలంతా ఆటపట్టించింది. సెప్టెంబరులో మళ్ళీ కట్టి, రాసి, గట్టెక్కాడు. ఆ రోజు నా కాళ్ళ దగ్గర పడిన చీటీ విప్పానా లేదా అని మీరు అడగరు, నేను చెప్పను. వాడు మాకు ఎప్పుడూ సాక్ష్యం చెప్పలేదు. మైకంటే సిగ్గు. మా గుంపులో వాక్యం బాగా చెప్పేవాణ్ణి నేనే.

ఉద్యోగంలో చేరాక ఆ అబ్బాయి ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన పొలంలో ఉన్నాడు. వాళ్ళావిడ చెంబుతో మంచినీళ్ళు ఇచ్చింది. చెంబెత్తి మొత్తం తాగాను, రెండోసారి అడిగి తాగాను. ఆయన వచ్చాక కుండ సంగతి ఎత్తుదామనే కూర్చున్నాను. పత్తి ధర గురించి మాట్లాడుకొని, బస్సు వేళకు లేచి వచ్చేశాను.

అందుకే మన సంఘాల్లో పిల్లలకు ‘లోకంలో వేరుగా ఉండండి’ అని చెప్పినప్పుడల్లా నాకు బెదురుగా ఉంటుంది. వేరుగా ఉండటం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్ల గుడి అని వేరుగానే ఉన్నాం. రత్నం, భూషణం ఇల్లు విడిచిన రోజున వాళ్ళు ఏ బెంచీ మీద నుంచి లేచారో ఆ బెంచీలు మన గుళ్ళల్లో ఇంకా వేసే ఉన్నాయి.

ఇక అడ్మిషన్ల బల్ల దగ్గరికి వస్తాను. ఆ కుర్రాడి వెనక వాళ్ళమ్మ నిలబడి ఉందన్నాను కదా. నేత చీర, చేతిలో గుడ్డ సంచి, సంచిలోంచి కీర్తనల పుస్తకం అంచు కనిపిస్తోంది. నుదుట బొట్టు ఉంది. ఎర్ర స్టిక్కరు బొట్టు, కొంచెం పక్కకు అంటింది. అద్దం లేకుండా పెట్టుకున్న బొట్టు. అలవాటున్న వేలు అలా పెట్టదు.

వాళ్ళు వెళ్ళాక టీ కోసం బయటికి వచ్చాను. గేటు దగ్గర కిళ్ళీ కొట్టులో స్టిక్కర్ల అట్ట వేలాడుతోంది. వరండా చివర మంచినీళ్ళ కుళాయి దగ్గర ఆమె మొహం కడుక్కుంటోంది. నన్ను చూసి కొంగు సర్దుకొని, ‘వందనాలయ్యగారూ’ అనబోయి, సగంలో ఆపి, ‘నమస్కారం సార్’ అంది.

నేను ‘వందనాలమ్మా’ అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. సంచి తీసుకొని కొడుకు వెనక వెళ్ళిపోయింది. కుళాయి పక్క గోడకు ఆమె ఒలిచిన బొట్టు అంటించి ఉంది. దాని చుట్టూ ఇంకో పదీ పదిహేనుదాకా ఉన్నాయి. కొన్ని రంగు వెలిసి తెల్లబడ్డాయి, కొన్ని ఆ వారంలోవి. అన్నేళ్ళూ ఆ కుళాయి దగ్గరే నీళ్ళు తాగాను, ఒక్కసారీ చూడలేదు.